రేడియో పెట్టె రాణి

అమ్మమ్మకు చెవులు రెండున్నా, ఎడమది ఉద్యోగం మానేసి మూడేళ్ళయింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం. ఎవరైనా ఎడమ వైపు నుంచి ఏదైనా అడిగితే "చూద్దాంలే" అంటుంది. ఆ ఒక్క మాటతో మూడేళ్ళు నెట్టుకొచ్చింది.

"కూరలో ఉప్పు చాలిందా అమ్మా?"

"చూద్దాంలే."

"అత్తయ్యగారూ, టైమెంతయింది?"

"చూద్దాంలే బాబూ."

అల్లుడు నెమ్మదస్తుడు. ఆవిడ చూసి చెబుతుందేమోనని కాసేపు నిలబడి, తర్వాత తనే వెళ్ళి గడియారం చూసుకునేవాడు.

కుడిచెవి మాత్రం బంగారమని ఆమె ధీమా. మేడ మీదున్న పదకొండు తేనెపెట్టెల మంచిచెడ్డలన్నీ ఆ చెవికే అప్పగించింది.

ఆ ఇల్లు వీధి చివర ఉంటుంది. కింద దర్జీ కొట్టు, మధ్యలో కాపురం, పైన మేడ. మేడ మీదికి పద్దెనిమిది మెట్లు. అమ్మమ్మ వాటిని పైకి లెక్కపెడుతూ ఎక్కుతుంది. మధ్యలో ఆయాసం వచ్చి ఆగితే, లెక్క తప్పి ఆగినట్టు కనిపించాలని. పైన ఒక మూల నాలుగు స్తంభాల మీద నీళ్ళ ట్యాంకు, ఇంకో మూల బట్టలారేసే తీగ, మధ్యలో రెండు వరసల్లో పెట్టెలు. ప్రతి పెట్టెకూ ఇనప కాళ్ళ బల్ల, ప్రతి కాలి కిందా నీళ్ళు పోసిన పాత డబ్బా. చీమలు పైకెక్కకుండా. మూతల మీద తలో ఇటుక. ఈగలు ఇల్లు మరిచిపోకుండా ఒక్కో పెట్టెకు ఒక్కో రంగు వేసింది. ఎక్కడ గేటుకు రంగు వేస్తున్నా, ఎక్కడ కిటికీకి వేస్తున్నా, అడుగున మిగిలింది అమ్మమ్మ డబ్బాలోకి రావలసిందే. అందుకే ఆ మేడ, వీధిలోని తలుపులన్నీ ఒకచోట చేరినట్టు ఉంటుంది.

మొదటి వరసలో మొదటిది మాత్రం రంగు లేని ముదురు చెక్కది, రేడియో పెట్టె. దాని కథ వేరు.

నలభై ఒక్క ఏళ్ళ కిందట, ఈ ఇంట్లో కిటికీ పక్కన ఒక పెద్ద చెక్క రేడియో ఉండేది. పాడైపోయింది. వెనక అట్ట ఊడిపోయింది. అయినా తాతయ్య, తపాలా ఆఫీసు నుంచి రాగానే రోజూ దాని చెవులు మెలిపెట్టేవాడు. రెండేళ్ళు మెలిపెట్టాడు. ఒక మధ్యాహ్నం లోపల్నుంచి జుమ్మని మోత వచ్చింది.

"పలికిందే! ఇటు రా, పలికింది! స్టేషను దొరికింది!" అని ఇల్లంతా గంతులేసి, సరిగ్గా వినబడక చెవి ఆనించాడు. చెవి తమ్మె మీద ఒక ఈగ కుట్టింది. ఆ రోజుల్లో అదే ప్రత్యక్ష ప్రసారం.

పొగబెట్టి తరిమేద్దామన్నాడు. "పాపం, అలిసిపోయి వచ్చినట్టున్నాయి. ఆదివారం దాకా ఉండనివ్వండి" అంది అమ్మమ్మ. అప్పుడామెకు ముప్పై ఒక్క ఏళ్ళు. ఆ ఆదివారం ఇంకా రాలేదు. రేడియో చెక్కలతోనే వడ్రంగి పెట్టె చేసిచ్చాడు. మేడ మీద ఇప్పుడున్న పది కుటుంబాలూ అందులోంచి విడిపోయినవే. చెక్క ఒకసారి మార్చారు, రాణులు ఎన్నోసార్లు మారాయి, కానీ రేడియో పెట్టెలోని వంశం తెగలేదు. తాతయ్య పోయినప్పుడు కూడా అమ్మమ్మ మొదట వెళ్ళి ఆ పెట్టెతోనే చెప్పిందంటారు. ఆమె మాత్రం ఒప్పుకోదు. "ఇటుక సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి వెళ్ళాను" అంటుంది.

తేనెటీగలు పెంచడమంటే తేనె తీయడమని జనం అనుకుంటారు. తేనె తీసేది ఏడాది మొత్తం మీద నాలుగైదు రోజులు. మిగతా రోజులన్నీ చాకిరీయే.

చలి వదలగానే ఊరవతల నిమ్మతోటలు పూస్తాయి. పెట్టెలు పొంగుతాయి. ఇల్లు ఇరుకైతే పాత రాణి సగం మందిని వెంటేసుకుని కొత్త చోటు వెతుక్కుంటూ లేచిపోతుంది. ఆ నెలంతా అమ్మమ్మకు కాలు నిలవదు. తాతయ్య పాత పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తడి దుప్పటీ, గంపా పట్టుకుని గుంపు వెనక వీధిలో పడుతుంది. ఒకసారి గుంపు వెళ్ళి మంగలి షాపులో అద్దం మీద వాలింది. సగం గడ్డం గీయించుకున్న మనిషి సబ్బు నురగతోనే బజారు దాటి పరుగెత్తాడు. అమ్మమ్మ తాపీగా లోపలికి వెళ్ళి, "కంగారు పడకండమ్మా, వచ్చేశాను కదా" అంది.

"మాకు ధైర్యం చెప్పడానికి వచ్చావా పెద్దమ్మా, చల్లగా ఉండు" అన్నాడు మంగలి కుర్చీ వెనక నుంచి.

"నీకు కాదు నాయనా, వాళ్ళకి" అంది అమ్మమ్మ.

ఎండలు ముదిరితే ఇంకో అవస్థ. పూలుండవు. లోపల మైనం మెత్తబడి పట్టులు జారిపోతాయి. మూతల మీద గోనెపట్టాలు కప్పి పూటకోసారి తడపాలి. పళ్ళేల్లో నీళ్ళు పోసి, ఈగలు మునిగిపోకుండా గులకరాళ్ళు పరవాలి. కుళాయి రాని రోజున కూడా ఆ పళ్ళేలు ఎండవు. అల్లుడు అరబకెట్టు నీళ్ళతో స్నానం చేసి ఆఫీసుకు వెళ్ళిన రోజులు చాలా ఉన్నాయి. ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. "వాటికి ఆఫీసు లేదు కదా" అని మాత్రం ఒకసారి అన్నాడు.

అన్నిటికన్నా గడ్డుది వానాకాలం. వాన పడితే ఈగ బయటికి పోదు. ఇంట్లో ఉన్నది తింటూ కూర్చుంటుంది. అందుకే అమ్మమ్మ ఎంత తేనె ఉన్నా పెట్టె చివర రెండు పట్టులు ముట్టుకోదు. "అవి వాళ్ళ సరుకులు. మనకెందుకు?" అంటుంది. అవీ చాలకపోతే చక్కెర నీళ్ళు పెట్టాలి. అదీ పొద్దు వాలాకే, ఒక్క చుక్క కింద ఒలకకుండా. ఒలికితే పక్క పెట్టెలవాళ్ళు వాసన పట్టి దోపిడీకి దిగుతారు. పైగా చెమ్మ, బల్లులు, మైనం తినే పురుగులు. ఇన్ని ఉన్నా, ముసురులో మూత మాత్రం తెరవకూడదు. చలిగాలి తగిలితే లోపల పిల్లలు చచ్చిపోతాయి.

మరి తెరవకుండా లోపలి క్షేమం తెలిసేదెలా? దానికి అమ్మమ్మ దగ్గర ఒక పద్ధతి ఉంది. తొలి రోజుల్లో ఒక తోటమాలి నేర్పాడు. నడిమివేలు వంచి పెట్టె పక్కన రెండుసార్లు కొట్టి చెవి ఆనించాలి. రాణి ఉంటే "జుమ్" అని ఒక్కసారి లేచి టక్కున ఆగిపోతుంది. రాణి లేకపోతే "ఊఁ..." అని మూలుగులా సాగుతుంది, ఎంతకీ ఆగదు. ఏమీ వినపడకపోతే ఇక వినడానికి ఏమీ లేదని అర్థం. అమ్మమ్మ నడిమివేలి కణుపు మీద రూపాయి బిళ్ళంత కాయ కాసింది. నలభై వానాకాలాల కాయ అది.

ఈ ఏడు వానలకు ముందే ఇంట్లో గొడవ మొదలైంది. వేసవిలో అమ్మమ్మ ఖాళీ పెట్టె మోస్తూ మెట్ల మీద జారింది. మోకాలు చెక్కుకుపోయింది. ఆ తర్వాత వీధిలో స్కూటరు కింద పడబోయింది. కూతురు బడిలో లెక్కల టీచరు. ఆమెకు అన్నిటికీ లెక్క కావాలి.

"డెబ్బై రెండేళ్ళొచ్చాయి నీకు. ఆ స్కూటరు అబ్బాయి అయిదుసార్లు హారను కొట్టాడట!"

"కొత్త హారనేమో. మురిసిపోయి కొట్టుకున్నాడు. నేనేం చేయను?"

"ఇక చాలమ్మా. నర్సరీ ఆయన పదకొండు పెట్టెలూ తీసుకెళ్ళి తన తోటలో పెట్టుకుంటానంటున్నాడు. బాగా చూసుకుంటాడు."

బాగా చూసుకుంటాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఇవ్వనని ఖరాఖండిగా చెప్పొచ్చు. నర్సరీ ఆయన చచ్చు మొక్కను కూడా బతికించే రకం. అమ్మమ్మ గ్లాసులో టీ చల్లారిపోయేదాకా కూర్చుంది. చివరికి అంది:

"ఈ వానలు వెళ్ళనీ. పదకొండుకు పదకొండూ బతికితే నా జోలికి రాకు. ఒక్కటి పోయినా ఇచ్చేద్దాం. నేనే బండి ఎక్కిస్తాను."

"మాటేనా?"

"మాటే. నీలా సుద్దముక్కతో రాసి చెరిపేసేది కాదు."

వానలొచ్చాయి. నాలుగు నెలలు పెట్టెలన్నీ బాగానే పలికాయి. అయిదో నెల, ఒక సాయంత్రం చినుకు తెరిపి ఇచ్చింది. అమ్మమ్మ చొక్కా తొడుక్కుని పైకి వెళ్ళింది. ఎప్పటిలాగే మొదట రేడియో పెట్టె. వేలు వంచి రెండుసార్లు కొట్టి, కుడిచెవి ఆనించింది.

"ఊఁ..."

సన్నగా సాగింది. ఆగలేదు.

మళ్ళీ కొట్టింది. అదే. మూడోసారి కొట్టడానికి చెయ్యి రాలేదు. అక్కడే బల్ల అంచు మీద కూలబడింది. ముసురులో రాణి పోయిన పెట్టె అంటే ఆశ లేనట్టే. కొత్త రాణి పుట్టినా, గాల్లోకి ఎగిరి, పోతుటీగలతో, అంటే మగ ఈగలతో, జతకట్టి రావడానికి ఎండ ఉండాలి. ఇప్పుడు ఎండా లేదు, పోతుటీగలూ లేవు. ఊరికే వదిలేస్తే ఉన్నవాళ్ళు ముసలివాళ్ళై ఒక్కొక్కరే రాలిపోతారు. కనీసం వాళ్ళనైనా కాపాడాలంటే, రాణి ఉన్న మరో పెట్టెతో కలిపేయాలి. అదీ ఈ తెరిపి పోకముందే. మూత తీసి రాణిని వెతకడానికీ, మిగతా పెట్టెలు వినడానికీ వ్యవధి లేదు.

మెట్ల దగ్గరికి వెళ్ళి కిందికి కేకేసింది. "ఏమయ్యా దర్జీ! ఒకసారి పైకొచ్చి చెయ్యి వెయ్యి."

దర్జీ లైనింగు గుడ్డ తలకు చుట్టుకుని, మెడలో టేపుతో సహా వచ్చాడు. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"పిన్నిగారూ, నాకు ఇద్దరు పిల్లలు."

"వాళ్ళకేం, బాగానే ఉన్నారుగా. అటు పట్టుకో."

కొత్తవాళ్ళను ఒక్కసారిగా పక్క ఇంట్లోకి తోసేస్తే ఈగలు చంపుకుంటాయి. దానికీ ఒక ఉపాయం ఉంది. కింద పెట్టె మూత తీసి, దాని మీద పేపరు పరిచి, సూదితో నాలుగు బెజ్జాలు పొడిచి, పైన రెండో పెట్టెను, దాని అడుగుపలక పాత బల్ల మీదే వదిలేసి, కూర్చోబెట్టాలి. పైవాళ్ళూ కిందివాళ్ళూ ఆ కాగితాన్ని కొరుక్కుంటూ పోతారు. అది తెగే రెండు రోజుల్లో ఒకరి వాసన ఒకరికి అలవాటై, కలిసిపోతారు. అమ్మమ్మ హాల్లో బల్ల మీదున్న పేపరు మధ్య పేజీ లాగి తెచ్చింది. ఆకుపచ్చ పెట్టె మీద రేడియో పెట్టెను కూర్చోబెట్టారు.

"అమ్మాయిగారు అడిగితే ఏమని చెప్పను?" అన్నాడు దర్జీ.

"నీకు నోరు లేదని చెప్పు."

కూతురికి చెప్పవలసిన మాట కూడా మెట్లు దిగుతూనే తయారు చేసుకుంది. కలిపితే పోయినట్టు ఎలా అవుతుంది? కలిసి కాపురం పెట్టినట్టు అవుతుంది. కానీ తన ముందు తనకే ఆ మాట నిలబడలేదు. పోయింది మిగతా పది పెట్టెల్లో ఒకటి కాదు. రేడియో పెట్టె. ఆ పూట అన్నంలో చెయ్యి ఆడించి లేచిపోయింది.

మర్నాడు పొద్దున, ఆకాశం మళ్ళీ నల్లబడుతుంటే, మిగతా పెట్టెలు వినడానికి వెళ్ళింది. నీలం పెట్టె కొట్టింది. "ఊఁ..." పసుపు పెట్టె కొట్టింది. "ఊఁ..." ఎరుపుది. అదే. ఒక్క రోజులో నలుగురు రాణులా? రెండో వరసకు వెళ్ళింది. ఆరూ అదే పాట. ఏ రోగం వచ్చింది, ఏ విషం తిన్నాయి అని తల తిరిగి, పడిపోకుండా నీళ్ళ ట్యాంకుకు చెయ్యి ఆనించి నిలబడింది. నిలబడ్డది ఊరుకోకుండా, అలవాటు కొద్దీ, దాన్ని కూడా రెండుసార్లు కొట్టి చెవి పెట్టింది.

"ఊఁ..."

నీళ్ళ ట్యాంకులో రాణి ఎక్కడిది?

పిట్టగోడను కొట్టింది. బట్టల తీగ కట్టిన గుంజను కొట్టింది. చివరికి ఏమీ కొట్టకుండా మేడ మధ్య ఊరికే నిలబడి వింది. ఆ మూలుగు పెట్టెల్లో లేదు. ఆమె బంగారు చెవిలోనే ఉంది.

నవ్వొచ్చింది మొదట. ట్యాంకుకు రాణి లేదని దిగులు పడ్డ మనిషి ప్రపంచంలో తనొక్కతే అయి ఉంటుంది. ఆ వెంటనే నవ్వు ఎగిరిపోయింది. చెవి అబద్ధం చెబితే, నిన్న రేడియో పెట్టె గురించి చెప్పింది కూడా అబద్ధం కావచ్చు. అందులో రాణి ఉంటే, ఇప్పుడు ఆ కాగితానికి పైన ఒక రాణి, కింద ఒక రాణి. కాగితం తెగిన మరుక్షణం ఇద్దరిలో ఒకరు చావాలి. లేదా ఇద్దరూ.

పరుగులాంటి నడకతో ఆకుపచ్చ పెట్టె దగ్గరికి వచ్చింది. గుమ్మం ముందు చెక్క మీద, రవ్వలాంటి తెల్లటి తునకలు. నమిలి బయట పారేసిన పేపరు ముక్కలు. కొన్నిటి మీద అక్షరాల తోకలు కూడా ఉన్నాయి. కొరకడం మొదలుపెట్టేశాయి.

సరిగ్గా అప్పుడే చినుకు పడింది.

తెరవాలా? తెరిస్తే వాన లోపలికి పోతుంది. పైపెట్టెలో నిజంగానే రాణి లేకపోతే, కలవబోయేవాళ్ళను ఊరికే విడదీసి తడిపి చంపినట్టవుతుంది. తెరవకపోతే, ఉన్న రాణి పోతుంది. అడగడానికి మనిషి లేడు, వినడానికి చెవి లేదు. అమ్మమ్మ రేడియో పెట్టె చుట్టూ రెండు చేతులూ వేసి, నుదురు దాని చెక్కకు ఆనించి, "నేనేం చేశాన్రా మీకు" అంది.

నుదుటిలో ఏదో కదిలింది.

చెవితో కాదు. ఎముకలోంచి. బతికున్న పెట్టె గుడగుడ పుర్రెలోకి ఎక్కుతోంది. దాంతోపాటు కట్టుడు పళ్ళ సెట్టు టకటకమని కొట్టుకోసాగింది. "నువ్వొకదానివి మధ్యలో" అని సెట్టు ఊడదీసి చొక్కా జేబులో వేసుకుంది. వేలు వంచి రెండుసార్లు కొట్టి, నుదురు గట్టిగా ఆనించింది.

జుమ్. టక్.

మళ్ళీ కొట్టింది. జుమ్. టక్. కిందికి వంగి ఆకుపచ్చ పెట్టెకు నుదురు పెట్టి కొట్టింది. అక్కడా జుమ్, టక్. పైనా తల్లి ఉంది, కిందా తల్లి ఉంది.

"అమ్మా! నిన్నటి పేపరు మధ్య పేజీ ఏమైంది? ఆయన పొద్దుట్నుంచి పరుపులు ఎత్తి వెతుకుతు..." గొడుగు వేసుకుని మెట్లెక్కిన కూతురు అక్కడే ఆగిపోయింది. తల్లి బోసినోటితో, వానలో, పెట్టెను కౌగిలించుకుని ఉంది. పక్క బల్ల ఖాళీగా ఉంది.

"ఒకటి పోయిందా?" అంది కూతురు.

అమ్మమ్మ దాచలేదు. దాచడానికి టైము లేదు. "పోలేదే. నేను చంపబోతున్నాను. నా చెవులు పోయాయి. ఎడమది ఎప్పుడో పోయింది. కుడిది నిన్న నాతో అబద్ధమాడింది. రెండు రాణుల్ని ఒక ఇంట్లో పెట్టాను. మధ్యలో నీ మొగుడి పేపరొకటే అడ్డం. ఇప్పుడీ పైపెట్టె దింపాలి. నేనొక్కదాన్నీ ఎత్తలేను."

కూతురికి తేనెటీగలంటే చిన్నప్పట్నుంచి హడలు. ఈ మేడ మీద బట్టలారేయడానికి కూడా మొగుణ్ణే పంపుతుంది. ఖాళీ బల్ల వైపు చూసింది. పేపరు తునకల వైపు చూసింది.

"నేనిప్పుడు కిందికి వెళ్ళిపోతే పందెం నాదే కదమ్మా" అంది.

"నీదే."

"ఎడమది పోయిందని మూడేళ్ళుగా నాకు తెలుసు. నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నాను."

"మరి తెలిసీ ఎడమ వైపు నుంచే అడిగేదానివేం?"

"అదీ చూద్దామనే." కూతురు గొడుగు తెరిచినది తెరిచినట్టే తల్లి చేతికిచ్చి, చున్నీ తలకూ మొహానికీ చుట్టుకుంది. "ఎటు పట్టుకోవాలో చెప్పు. త్వరగా. నాకు ధైర్యం రెండు నిమిషాలే ఉంటుంది."

ఇద్దరూ చెరో వైపు పట్టారు. గొడుగు అమ్మమ్మ మెడకూ భుజానికీ మధ్య ఇరుక్కుని అటూ ఇటూ ఊగుతోంది. పెట్టె లేచింది. కాగితం నడుమ పెసరగింజంత కన్నం పడి ఉంది. దాని చుట్టూ ఈగలు ముసిరి కొరుకుతున్నాయి. ఒక ఈగ దూరేంత ఉంది. రాణి నడుము పట్టేంత లేదు. అప్పటికి లేదు.

"కుదపకు. నెమ్మదిగా. నీళ్ళ బిందె అనుకో."

"నీళ్ళ బిందె నన్ను కుట్టదమ్మా... అబ్బా!"

"ఎక్కడ?"

"చెవి మీద!"

"మీ నాన్నకీ అక్కడే కుట్టింది. వదలకు!"

వదలలేదు. రేడియో పెట్టె తన బల్ల మీద తాను కూర్చుంది. మూతలు పడ్డాయి, ఇటుకలు ఎక్కాయి. కూతురు చెవి గారెలా పొంగింది. అమ్మమ్మ గోటితో ముల్లు గీకి తీసి, ఉల్లిపాయ ముక్క రుద్దింది. కన్నం పడ్డ పేపరు కిందికి చేరింది. అల్లుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని, "చదవాలనుకున్న వార్త ఈ కన్నంలోనే ఉండేదనుకుంటా" అన్నాడు.

కానీ అసలు సంగతి ఇంకా తేలలేదు. ఎత్తేటప్పుడు చలి తగిలింది. చినుకులు పడ్డాయి. గందరగోళంలో రాణి పట్టు మీద నుంచి జారిపోయి ఉండొచ్చు. చూద్దామంటే ముసురు. పన్నెండు రోజులు ఆకాశం దించుకున్న తల ఎత్తలేదు.

ఆ పన్నెండు రోజులూ పొద్దున బడికి వెళ్ళేముందు కూతురు పద్దెనిమిది మెట్లెక్కింది. చున్నీ చుట్టుకుని, చేయి చాచినంత దూరంలో నిలబడి, వేలు వంచి కొట్టి చటుక్కున చెవి పెట్టి చటుక్కున తీసేసేది.

"ఆగినట్టే ఉందమ్మా."

"ఆగినట్టే అంటే? లెక్కల్లో కూడా అలాగే చెబుతావా పిల్లలకి?" అని అమ్మమ్మ సెట్టు జేబులో వేసుకుని నుదురు ఆనించేది. ఒక రోజు టక్కున ఆగినట్టుండేది, ఒక రోజు సాగినట్టుండేది. నుదురు కొత్తగా ఉద్యోగంలో చేరింది కదా, ఇంకా పని తెలియదు. మైనం అంటుకుని నుదుటి నడుమ పసుపు మచ్చ పడింది. వీధిలో అందరూ అడగడమే. అందరికీ ఒకటే జవాబు, చూద్దాంలే.

మధ్యలో ఒక రోజు కూతురు ఆమెను చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఎడమ చెవికి ఇక చేసేదేమీ లేదన్నాడాయన. కుడిచెవిలో లైటు వేసి చూసి, చిన్న పిచికారీ కొట్టి, శనగగింజంత గులిమి ఉండ బయటికి తీసి పళ్ళెంలో వేశాడు.

"పెట్టెల్లో చాలక చెవిలో కూడా పట్టు పెట్టుకున్నావా అమ్మా?" అంది కూతురు.

మోత సగానికి సగం తగ్గింది. బయటికి రాగానే వెనక ఎవరో హారను కొట్టారు. అమ్మమ్మ గభాలున పక్కకు జరిగి, "అమ్మో, ఇంత గట్టిగా కొడతారా వీళ్ళు!" అంది.

పదమూడో రోజు వానలు వెళ్ళిపోయి ఎండ కాసింది. ఊరవతల ఆవచేలు పసుపు తిరిగాయి. పొద్దెక్కి గాలి వెచ్చబడ్డాక అమ్మమ్మ ఈగలు సద్దుమణగడానికి పొగడబ్బా ముట్టించి, ఒక్కో పెట్టే తెరుస్తూ వచ్చింది. నీలం, పసుపు, ఎరుపు, అన్నీ బాగున్నాయి. ఆకుపచ్చది కూడా బాగుంది. దర్జీ లైనింగు గుడ్డ చుట్టుకుని మెట్ల మీద, అల్లుడు అతని వెనక. "పది" అంది కూతురు. ఎప్పుడూ మొదట చూసే రేడియో పెట్టెను ఆ రోజు మాత్రం అమ్మమ్మ చివరికి మిగుల్చుకుంది.

మూత తీసింది. పట్టు కట్టిన మధ్య చట్రం పైకి లాగి ఎండకు ఎదురుగా పట్టుకుంది. ఆమె కళ్ళకు ఆనలేదు. చట్రాన్ని కూతురి మొహం ముందు పెట్టింది.

"గదుల అడుగున చూడు. ఏమైనా ఉన్నాయా?"

కూతురు ఊపిరి బిగబట్టి, భయపడుతూనే దగ్గరికి వంగింది. చేతి మీద రెండు ఈగలు పాకుతున్నా కదల్లేదు. "తెల్లగా... దారప్పోగు ముక్కల్లా... ఒక్కో గదిలో ఒక్కటి నిలబెట్టినట్టున్నాయమ్మా."

"నిలబడి ఉన్నాయా, పడుకున్నాయా?"

"నిలబడి ఉన్నాయి."

నిలబడ్డ గుడ్డంటే ఆ రోజు పెట్టింది. ఆ రోజు గుడ్డు పెట్టాలంటే రాణి ఉండాలి. అమ్మమ్మ చట్రం ఎంత నెమ్మదిగా తీసిందో అంత నెమ్మదిగా లోపలికి దింపి, మూత వేసి, ఇటుక పెట్టి, దాని మీద చెయ్యి వేసి నిలబడింది. ఇటుక సరిగ్గా ఉందో లేదో చూడ్డానికే అయి ఉంటుంది.

"పదకొండు" అంది కూతురు. లెక్కల టీచరు కదా, మాట తప్పితే బడిలో పరువు పోతుంది. "ఉంచుకో. కానీ పెట్టెలు మొయ్యడం నీ పని కాదు. మెట్లు ఎక్కితే నన్ను పిలవాలి. వచ్చే వానలకు రోజూ పొద్దున నేనొచ్చి వింటాను. నాకు తెలియకుండా ఏ పెట్టే ఏ పెట్టె మీదా ఎక్కకూడదు. ఒప్పుకుంటావా?"

ఈసారి కుడివైపు నిలబడి, గట్టిగా, ఒక్కో మాటా విడివిడిగా అడిగింది. అమ్మమ్మకు ప్రతి అక్షరమూ వినపడింది.

"చూద్దాంలే" అంది.